కాగితముపై ట్రాన్సిస్టరు

రేడియో పెట్టె ముల్లును 837 కిలోహెర్ట్జ్ దగ్గరకు త్రిప్పి విజయవాడ కేంద్రమును విన్న తరములు మన తెలుగునాట ఎన్నో ఉన్నవి. ముల్లు అక్కడ నిలిచినప్పుడు పెట్టె లోపల మరొక పని జరుగుతుంది. సెకనుకు 12 లక్షల 92 వేల మార్లు ఊగే అలనొకదానిని పెట్టె తానే పుట్టించుకొని, ఏరియలు మీదుగా వచ్చిన అలతో కలుపుతుంది. రెండింటికీ గల తేడా 455 కిలోహెర్ట్జ్. ఏ కేంద్రమునకు త్రిప్పినా ఈ తేడా మారకుండా ఉండేటట్లు పెట్టెను కూర్చినారు. మాటయు పాటయు ఈ తేడా అల మీదనే ఎక్కి స్పీకరు దాకా ప్రయాణము చేస్తవి.

వినేవారికి ఈ లెక్కతో పని లేదు. పెట్టెను కూర్చేవారికి ఉన్నది. సెకనుకు ఆ 12 లక్షల 92 వేల ఊపులకు ఒక చిన్న ట్రాన్సిస్టరు తట్టుకొని నిలుస్తుందా, నిలువదా అన్నది కూర్చక ముందే తెలియాలి. తెలిసేదెట్లా? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఇంజనీర్లు డెబ్బది ఏండ్లకు పైగా ఒక వింత పని చేస్తున్నారు. వస్తువు చేతికి రాక ముందే దానిని కాగితము మీద, ఆ తరువాత కంప్యూటరులో, సమీకరణములతో కట్టి నిలబెడుతున్నారు. ఈ కాగితపు ట్రాన్సిస్టరునే వారు నమూనా అంటారు. దాని కథ చెప్పుకొనడానికే ఈ ప్రసంగము.

అసలు ట్రాన్సిస్టరు పుట్టుక మనలో చాలమందికి తెలిసినదే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అనువారు దానిని మొదట పనిచేయించినారు. 1949లో షాక్లీ దాని సిద్ధాంతమును విపులముగా వ్రాసినాడు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమానము వచ్చినది. వారి పేర్లు బడిపుస్తకములలోకి ఎక్కినవి. నమూనాలు కట్టినవారి పేర్లకు ఆ యోగము పట్టలేదు. అవి ఇంజనీరింగు విద్యార్థుల నోట పరీక్షల ముందు వినిపించి, పరీక్షలు కాగానే మరుగున పడిపోతవి. ఈ అన్యాయమును కొంతవరకైనా సరిదిద్దవలెనని మాకు చాలకాలముగా కోరిక.

1954 అక్టోబరులో రీజెన్సీ టీఆర్-1 అను చిన్న రేడియో అమెరికా అంగళ్ళకు రానున్నదని ప్రకటన వెలువడినది. వాణిజ్యముగా అమ్మిన మొదటి ట్రాన్సిస్టరు రేడియో అదే. అందులో ఉన్నవి నాలుగే నాలుగు జర్మేనియము ట్రాన్సిస్టర్లు. వెల 49 డాలర్ల 95 సెంట్లు. కోటు జేబులో పట్టే ఆ పెట్టెను చూచి లోకము ముచ్చటపడినది గాని, దానిని కూర్చినవారు ఒకచోట తల వంచవలసి వచ్చినది. అందరూ వాడే 455 కిలోహెర్ట్జ్ తేడాను విడిచి వారు 262కు దిగినారు. ఆ ట్రాన్సిస్టర్లు 455 దగ్గర తగినంత బలము చూపలేకపోవుటే దానికి కారణము.

ఎందుకు చూపలేవు? ట్రాన్సిస్టరును మూడు పొరల వస్తువుగా ఊహించుకొందాము. మొదటి పొర ఎమిటరు, చివరి పొర కలెక్టరు, నడుమ పలుచగా బేసు. ఎమిటరు ఈ ఒడ్డు అయితే కలెక్టరు ఆ ఒడ్డు. విద్యుదావేశములు బేసు అను ఏటిని దాటి అవతలికి చేరాలి. అయితే ఈ ఏటిలో పడవ లేదు, ప్రవాహమూ లేదు. గుంపు ఎక్కువగా ఉన్న వైపు నుండి తక్కువగా ఉన్న వైపునకు అటూ ఇటూ తడబడుతూ చేరవలసినదే. అందువలన ఏటి వెడల్పు రెండింతలైతే దాటే కాలము నాలుగింతలవుతుంది.

బేసు వెడల్పు 25 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నలభైయవ వంతు అనుకొందాము. జర్మేనియములో ధనావేశములు దానిని దాటడానికి సెకనులో సుమారు 1 కోటి 60 లక్షలవ వంతు పడుతుంది. ఇది కంటిరెప్పపాటు కంటె ఎంతో తక్కువ. అయినా ఆ లెక్కను బట్టి చూస్తే ట్రాన్సిస్టరు సత్తువ సెకనుకు 25 లక్షల ఊపుల దగ్గర ఉడుగుతుంది. మనము మొదట చెప్పుకొన్న 12 లక్షల 92 వేలు అందులో సగము. అంటే మన ఇంటి రేడియో కూడ తొలినాటి ట్రాన్సిస్టరును దాని శక్తి అంచుల దాకా నడిపించినదన్నమాట. అధిక పౌనఃపున్యము అను మాట విని ఇదేదో రాడారులకు సంబంధించిన గొడవ అని శ్రోతలు అనుకొనవలసిన పని లేదు.

టీఆర్-1 వార్త వచ్చిన రెండు నెలలకు, 1954 డిసెంబరులో, అమెరికా రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో బెల్ ప్రయోగశాలకు చెందిన ఎబర్స్, మోల్ అనువారి వ్యాసమొకటి వెలువడినది. ట్రాన్సిస్టరును స్విచ్చివలె పూర్తిగా వేయునప్పుడు, పూర్తిగా తీయునప్పుడు దానిలో ఏ ధార ఎంత ప్రవహిస్తుందో చెప్పుట వారి ఉద్దేశము. వారు చేసిన చిత్రము చాల సులువైనది. రెండు డయోడులను వీపున వీపు ఆనించి పెట్టినారు. రెండు డయోడులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ట్రాన్సిస్టరు కాదు గనుక, ఒకదాని ధారలో కొంత భాగము రెండవదానిలో కనిపించునట్లు ముడివేసినారు. మొత్తము వస్తువును పట్టి చూపడానికి నాలుగు సంఖ్యలు కావలసి వచ్చినవి. ఆ నాలుగింటి నడుమ ఒక సంబంధమున్నదని వారు చూపినందున మూడు చాలినవి. మూడు సంఖ్యలతో ఒక ట్రాన్సిస్టరు! ఈనాడు కంప్యూటరు నమూనాలకు వందకు పైగా సంఖ్యలు వాడుతున్నవారు ఆ వ్యాసమును తీసి చూస్తే అసూయ పుట్టవలసినదే. ఎబర్స్ 1959లో, నలభై ఏండ్లైనా నిండక ముందే, కన్నుమూసినాడు. తన మూడు సంఖ్యలు ఎంత దూరము ప్రయాణము చేసినవో చూచే అదృష్టము ఆయనకు లేకపోయినది.

ఆ చిత్రములో లేనివి కొన్ని ఉన్నవి. వాటిలో ఒకటి అప్పటికే తెలిసినది. బెల్ ప్రయోగశాలలోనే పనిచేసిన జేమ్స్ ఎర్లీ 1952లో ఒక సంగతి కనిపెట్టినాడు. కలెక్టరు మీద వోల్టేజి పెంచితే దాని సరిహద్దు బేసులోకి చొచ్చుకొని వస్తుంది. ఏరు సన్నబడుతుంది. దాటేవారు ఎక్కువవుతారు. దీనికి ఎర్లీ ప్రభావమని పేరు. మేము చదువుకొనే రోజులలో ఇది ఏదో ముందుగా జరిగే ప్రభావమని, ఆలస్యముగా జరిగేది వేరొకటి ఉంటుందని భ్రమపడిన మిత్రులు మాలో ఉండేవారు. అది ఒక మనిషి ఇంటిపేరని తెలిసినాక కొంత నిరుత్సాహపడినారు కూడ.

అదే 1954 చివర ఆర్‌సీఏ సంస్థలో జియాకొలెట్టో మరొక తరహా నమూనా చేసినాడు. స్విచ్చివలె పూర్తిగా ఊగే ట్రాన్సిస్టరు ఆయనకు అక్కరలేదు. రేడియోలో వలె ఒకచోట నిలకడగా ఉండి, చిన్న చిన్న అలలకు మాత్రమే స్పందించే ట్రాన్సిస్టరు కావలెను. అందుకు రెండు కాళ్ళు, పైన ఒక దూలము గల ద్వారబంధము వంటి బొమ్మ గీసినాడు. గ్రీకు అక్షరము పై ఆకారములో ఉన్నందున దానికి హైబ్రిడ్ పై అను పేరు స్థిరపడినది. ఒక కాలిలో ఆవేశము నిలువ ఉండే కెపాసిటరు, దూలములో కలెక్టరును బేసును కలిపే మరొక బుల్లి కెపాసిటరు ఉన్నవి. ఈ రెండవది పరిమాణములో అల్పమే గాని గడుసుది. బయలుదేరిన బలములో కొంత వెనుకకు తెచ్చి ట్రాన్సిస్టరు వేగమును తానే అణచివేస్తుంది. రేడియోలు కూర్చినవారు ఎన్నో ఏండ్లు ఈ బొమ్మ ఆధారముగా లెక్కలు వేసుకొన్నారు.

ఇట్లు రెండు చిత్రములు చేతికి వచ్చినవి. ఒకటి పెద్ద ఊపులకు, ఒకటి చిన్న అలలకు. రెండింటికీ సంధి కుదరలేదు. ఒకే వస్తువుకు ముందు నుండి తీసిన ఛాయాచిత్రము, ప్రక్క నుండి తీసిన ఛాయాచిత్రము ఉన్నట్లయినది. ముఖము ఒకటే అని నమ్మించేది ఏదీ లేదు.

సంధి కుదిర్చే మాట ఇంగ్లండు నుండి వచ్చినది. 1957లో బోఫాయ్, స్పార్క్స్ అనువారు ధారలను ప్రక్కకు పెట్టి, బేసులో ఎంత ఆవేశము నిలువ ఉన్నదని అడిగినారు. ఆలోచించి చూస్తే ఇది ఇంటింటా తెలిసిన లెక్క. అడుగున చిల్లి ఉన్న తొట్టిలో నీటిమట్టము నిలకడగా ఉండవలెనంటే కారిపోయినంత నీరు పోస్తూ ఉండాలి. మట్టము పెంచవలెనంటే మరికొంత పోయాలి. దించవలెనంటే కారిపోనిచ్చి ఆగాలి. ట్రాన్సిస్టరు నెమ్మదితనమంతా ఈ నింపుట, ఆగుట అన్న వాటిలోనే ఉన్నది. సెకనుకు లక్షల మార్లు నింపి ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు తొట్టి ఎంత పెద్దదన్నదే ప్రశ్న. అధిక పౌనఃపున్యములో ట్రాన్సిస్టరును అర్థము చేసికొనడానికి తాళపుచెవి ఇదేనని మా అభిప్రాయము. ఆ తరువాత వచ్చిన పెద్ద నమూనాలన్నీ ఈ తొట్టి లెక్కకు పొడిగింపులే.

1962లో కిర్క్ అను ఆయన ఇంకొక చిక్కును బయటపెట్టినాడు. ట్రాన్సిస్టరు వేగము పెంచవలెనంటే ధార పెంచమని అందరూ చెప్పేవారు. కొంతవరకు అది నిజమే. ఒక హద్దు దాటినాక ధార పెంచేకొలది వేగము తగ్గిపోవుట కనిపించినది. తిరునాళ్ళ నాడు గుడి వాకిట జనము పోగైతే తోపులాట వాకిటితో ఆగక వీధిలోకి ఎట్లు పాకుతుందో, ఇక్కడ ఆవేశముల గుంపు అట్లే బేసును దాటి కలెక్టరులోకి పాకుతుంది. బేసు వెడల్పు పెరిగినట్లే అవుతుంది. వెడల్పు పెరిగితే దాటే కాలము ఏమవుతుందో ఇందాక చెప్పుకొన్నాము.

కలెక్టరు ఒత్తిడికి బేసు సన్నబడుట ఒక ప్రభావము. ధార ఎక్కువై బేసు వెడల్పగుట ఒక ప్రభావము. బేసులో సహజముగా ఉన్న ఆవేశమును మించి క్రొత్తవారు వచ్చి చేరుట మరొక ప్రభావము. ఒక్కొక్క దానికి ఒక్కొక్క అతుకు వేస్తూ పోతే నమూనా బొంతవలె తయారగుట ఖాయము. 1970 జనవరిలో బెల్ ప్రయోగశాల పత్రికలో హెర్మన్ గమ్మెల్ ఒక చిన్న సంబంధమును ప్రకటించినాడు. ఆవేశములు దాటే ధార బేసులో ఉన్న మొత్తము ఆవేశమునకు విలోమముగా ఉంటుందనుట దాని సారాంశము. ఏరు ఎంత వెడల్పు, ఎక్కడ లోతు, ఎక్కడ మెరక అని విడివిడిగా అడుగనక్కరలేదు. మొత్తము కూడిక తెలిస్తే చాలును. ఆ ఏడే మే, జూన్ నెలల సంచికలో గమ్మెల్, పూన్ కలిసి దీనిపై పూర్తి నమూనా కట్టినారు.

దాని సొగసు చూడండి. ఎర్లీ చెప్పినది ఈ మొత్తములో తరుగుదలగా కనిపిస్తుంది. కిర్క్ చెప్పినది పెరుగుదలగా కనిపిస్తుంది. క్రొత్తగా వచ్చి చేరినవారూ అదే పద్దులో జమపడతారు. మూడు వేర్వేరు రోగములని తలచినవి వైద్యునికి ఒకే నాడి మీద తెలిసినట్లయినది. మొత్తము ఆవేశము మారదని అనుకొంటే ఎబర్స్, మోల్ గీసిన పాత చిత్రమే తిరిగి వస్తుంది. చిన్న అలలకు తగ్గించి చూస్తే హైబ్రిడ్ పై ద్వారబంధము వస్తుంది. పెద్దల మాట త్రోసిపుచ్చకుండ, వారందరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టిన పని అది. ట్రాన్సిస్టరు నమూనాల చరిత్రలో మాకు ఒక్క వ్యాసమే దాచుకొనే వీలుంటే దీనినే దాచుకొంటాము.

కాగితము మీద ఎంత అందముగా ఉన్నా, ఈ సమీకరణములను చేత్తో సాధించుట మనుష్యమాత్రులకు సాధ్యము కాదు. ఇరువది ట్రాన్సిస్టర్లున్న వలయములో ప్రతి ట్రాన్సిస్టరు మిగిలినవాటి మీద ఆధారపడుతుంది. కంప్యూటరు కావలెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణములో 1969-70 సంవత్సరములో రోరర్ అను ఆచార్యుని తరగతిలోని విద్యార్థులు వలయములను లెక్కించే కార్యక్రమము వ్రాయడానికి పూనుకొన్నారు. దానికి వారు పెట్టిన పేరు క్యాన్సర్. వినడానికి కఠోరముగా ఉన్నది గాని, ఆ పొడి అక్షరముల చివరి రెండింటి అర్థము 'వికిరణమును మినహాయించి' అని. ఆనాడు ఇటువంటి కార్యక్రమములలో చాలవాటికి రక్షణశాఖ ధనము అందేది. అణువికిరణము తగిలితే వలయము ఏమవుతుందో లెక్కించుట అందులో భాగముగా ఉండేది. ఆ లెక్క మేము చేయమని విద్యార్థులు పేరులోనే చాటుకొన్నారు.

ఆ తరగతిలోని లారెన్స్ నాగెల్ ఆ పనిని డొనాల్డ్ పెడర్సన్ ఆచార్యుని వద్ద కొనసాగించినాడు. పేరు మారి స్పైస్ అయినది. 1973 ఏప్రిల్ 12న కెనడాలోని వాటర్లూ నగరములో జరిగిన సభలో దానిని లోకమునకు చూపినారు. 1975లో రెండవ రూపము వచ్చినది. గమ్మెల్, పూన్ నమూనా దీనిలో ప్రవేశించి ప్రపంచమంతటా వ్యాపించినది. దానికి కారణము లెక్కల గొప్పతనము మాత్రమే కాదు. బర్క్‌లీవారు స్పైస్‌ను దాచుకొనలేదు. అడిగినవారికి టేపు మీద ఎక్కించి ఇచ్చినారు. వారి దగ్గర చదువుకొన్న విద్యార్థులు ఏ కంపెనీలో చేరితే ఆ కంపెనీకి స్పైస్ కూడ వెళ్ళినది.

స్పైస్ రాక ముందు వలయమును బల్ల మీద విడి భాగములతో కట్టి, పనిచేసిన తరువాతనే సిలికాను మీదకు ఎక్కించేవారు. పౌనఃపున్యము పెరిగేకొలది ఆ బల్ల అబద్ధము చెప్పసాగినది. సిలికాను ముక్క మీది కెపాసిటరు ఎంత చిన్నదంటే, బల్ల మీది తీగలకు ఉండే కెపాసిటెన్సు దాని కంటె అనేక రెట్లు ఎక్కువ. పోనీ సిలికాను మీదనే సరాసరి చేసి చూద్దామంటే, అచ్చు పోసినాక తీగ మార్చే వీలు లేదు. తప్పు వస్తే నెలల కాలము, ఎంతో ధనము నీళ్ళపాలు. అందుచేత కాగితపు ట్రాన్సిస్టరును నమ్ముట తప్పనిసరి అయినది. ఎంత నమ్మవచ్చునన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు బాగా అనుభవములోకి వచ్చినది. కళాశాలలో మేము నలుగురము కలిసి బీసీ 107 ట్రాన్సిస్టరుతో ఒక చిన్న ప్రవర్ధకము కట్టవలసి వచ్చినది. ముందు కంప్యూటరులో కట్టినాము. ఎంత పౌనఃపున్యమునకైనా వంగని గీత వచ్చినది. ఉత్సాహముతో బల్ల మీద కట్టినాము. కొన్ని లక్షల ఊపులు దాటగానే బలము పడిపోయినది. అంతలో కీచుమని ఊళ పెట్టసాగినది. మా ఉపన్యాసకులు మేము తెచ్చిన కాగితములు చూచి నవ్వినారు. "నాయనలారా, మీ ట్రాన్సిస్టరు బేసును దాటడానికి సున్న సెకన్లు పట్టుతున్నది. అటువంటిది ఎక్కడ అమ్ముతారో చెప్పండి, నేనూ ఒకటి కొంటాను" అన్నారు. విషయమేమిటంటే, ట్రాన్సిస్టరు సంఖ్యలను మనము ఇవ్వకపోతే స్పైస్ తనంతట తాను కొన్నింటిని అనుకొంటుంది. దాటే కాలము సున్న, బేసు నిరోధము సున్న, కెపాసిటర్లు సున్న. మేము ఇవ్వలేదు. అది అడగలేదు. సమీకరణములు గమ్మెల్, పూన్‌లవే. వాటిలో పోసినది మాత్రము శూన్యము.

అమెరికాలో బాబ్ పీజ్ అను ప్రసిద్ధ వలయశిల్పి 'ఎలక్ట్రానిక్ డిజైన్' పత్రికలో స్పైస్‌ను నమ్మి మోసపోవద్దని ఏండ్ల తరబడి వ్రాసినాడు. ఆయన కోపము కొంత అతిగా తోస్తుంది. అయినా మా వంటివారు ఉన్నంత కాలము ఆ కోపమునకు పని ఉన్నది.

మరి సంఖ్యలు ఎక్కడి నుండి వస్తవి? కొలిచి తెలుసుకొనాలి. తక్కువ పౌనఃపున్యములలో కొలత సులువు. ఒక కొనను తెరచి ఉంచి, మరొక కొనను కలిపివేసి, వోల్టేజిని, ధారను చూస్తే సరి. అధిక పౌనఃపున్యములో ఈ పప్పులు ఉడకవు. 30 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో అల పొడవు ఒక్క సెంటీమీటరు. అక్కడ సెంటీమీటరు తీగను తీగ అనుకొంటే పొరపాటు. తెరచి ఉంచిన కొన నిజముగా తెరచి ఉండదు, కలిపిన కొన కలిసి ఉండదు. పైగా ట్రాన్సిస్టరు కీచుమనడానికి అదే అదను. అందువలన వోల్టేజిని, ధారను అడుగుట మానివేసి, ట్రాన్సిస్టరు మీదకు ఒక అలను పంపి ఎంత మరలివచ్చినది, ఎంత దాటిపోయినది అని కొలుస్తారు. చెరువు గట్టుకు తగిలి మరలివచ్చే అలను చూచి గట్టు స్వభావమును చెప్పినట్లు. 1965లో కురొకావా ఈ అలల లెక్కకు గట్టి పునాది వేసినాడు. 1967లో హ్యూలెట్ ప్యాకార్డు కంపెనీ ఈ కొలతకు 8410 అను యంత్రమును తెచ్చినది.

అక్కడా ఒక చిక్కు ఉన్నది. కొలిచే సూది ఆనడానికి సిలికాను మీద లోహపు పలకలు వేయాలి. ట్రాన్సిస్టరు ముందు ఆ పలకలు ఏనుగులంత. కొలతలో కనిపించేది చాలవరకు పలకల గుణమే. నెయ్యి కొనేటప్పుడు ముందు ఖాళీ గిన్నెను తూచుకొన్నట్లు, ట్రాన్సిస్టరు లేని ఖాళీ పలకలను ప్రక్కనే వేసి, వాటిని కొలిచి, లెక్కలో నుండి తీసివేస్తారు. తీసివేయగా మిగిలినదానికి నమూనాలోని సంఖ్యలను పొందించాలి. ఇక్కడ మోసపోయేది గీత చక్కగా కలిసినదని సంతోషించినవాడే. బేసు నిరోధమును కొంచెము పెంచి, కెపాసిటరును కొంచెము తగ్గించినా గీత కలుస్తుంది. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పిపుచ్చుకొంటవి. ఉష్ణోగ్రత మారిననాడు రెండూ బయటపడతవి.

ఉష్ణోగ్రత మాట వచ్చినది గనుక తరువాతి నమూనాల సంగతి కొద్దిగా చెప్పుకొందాము. 1980ల నడుమ నుండి గమ్మెల్, పూన్ ఇల్లు ఇరుకైనది. హాలండులోని ఫిలిప్స్ సంస్థవారు మెక్స్‌ట్రామ్ అను నమూనా తెచ్చినారు. అత్యంత సొగసైన ట్రాన్సిస్టరు నమూనా అని ఆ పొడి అక్షరములకు అర్థమట. తమ బిడ్డ తమకు ముద్దు. జర్మనీలో హైకమ్ పుట్టినది. అధిక ధార దగ్గర ట్రాన్సిస్టరు నడవడిని పట్టుట దాని ప్రత్యేకత, అనగా కిర్క్ చూపిన తోపులాటకు తగిన మర్యాద అందులో దొరికినది. 1995లో అమెరికాలోని అనేక కంపెనీల ఇంజనీర్లు కలిసి వీబిక్ అను నమూనాను బయటపెట్టినారు. తన వేడికి తానే ఎట్లు మారుతుందో ట్రాన్సిస్టరు తెలుసుకొనుట వీటన్నిటిలో ముఖ్యమైన చేర్పు. అందుకు నమూనా లోపల మరొక బుల్లి వలయమును కట్టినారు. అందులో ప్రవహించేది వేడి. వోల్టేజి ఉండవలసిన చోట ఉష్ణోగ్రత ఉంటుంది.

సిలికాను కాని ట్రాన్సిస్టర్లకు వేరే వంశవృక్షము ఉన్నది. గాలియము ఆర్సెనైడు ట్రాన్సిస్టరుకు ఆర్‌సీఏలోని కర్టిస్ 1980లో చేసిన నమూనా వాటిలో ప్రసిద్ధము. ఇటీవలి గాలియము నైట్రైడు ట్రాన్సిస్టర్లు రాడారులలోను, టెలిఫోను గోపురములలోను పనిచేస్తున్నవి. వాటిలో ఆవేశములు దారిలోని గుంటలలో చిక్కుకొని తీరికగా బయటపడతవి. అందువలన ఆ ట్రాన్సిస్టరుకు నిన్నటి జ్ఞాపకము ఉంటుంది. దీనిని లెక్కలో పట్టిన నమూనాలలో రెండింటిని 2018లో పరిశ్రమల మండలి ప్రమాణములుగా ఎన్నుకొన్నది. ఒకటి అమెరికాలోని ఎంఐటీవారిది. రెండవదానిని కట్టినవారు కాన్పూరు ఐఐటీ ఆచార్యుడు యోగేశ్ సింగ్ చౌహాన్, ఆస్ట్రేలియాలోని మాక్వారీ విశ్వవిద్యాలయపు సౌరభ్ ఖండేల్వాల్. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ జర్మేనియము పరికరముల తయారీకి దిగినది 1962లో. ఆనాడు మనవారి చేతిలో ఉన్న సమీకరణములన్నీ పరాయి దేశముల నుండి వచ్చినవే.

మళ్ళీ మన ఏటికి వద్దాము. ఏటిలో ప్రవాహము లేదు గనుక ఆవేశములు తడబడుతూ దాటుతున్నవని చెప్పుకొన్నాము. ప్రవాహము కల్పిస్తే? 1953-54 ప్రాంతమున జర్మనీ తపాలాశాఖ ప్రయోగశాలలో పనిచేస్తున్న హెర్బర్ట్ క్రోమర్ అను యువకునికి తోచిన ఆలోచన ఇది. 1957లో, అమెరికా చేరిన తరువాత, ఆయన మరొక అడుగు వేసి, ఎమిటరును ఒక పదార్థముతోను బేసును మరొక పదార్థముతోను చేస్తే వచ్చే లాభమును సిద్ధాంతీకరించినాడు. అటువంటి ట్రాన్సిస్టరును అప్పటికి ఎవరూ చేయలేరు. కాగితము మీద మాత్రము ఉన్నది. సిలికానుతో జర్మేనియము కలిపిన బేసు గల ట్రాన్సిస్టరును ఐబీఎం పరిశోధకులు 1987లో చేసి చూపినారు. క్రోమరుకు 2000 సంవత్సరములో నోబెల్ బహుమానము వచ్చినది.

ఆ జాతి ట్రాన్సిస్టరునొకదానిని 2016లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ ఓడర్ నగరపు ఐహెచ్‌పీ సంస్థవారు ప్రకటించినారు. దాని ధారాప్రవర్ధనము ఒకటికి దిగిపోయే పౌనఃపున్యము 505 గిగాహెర్ట్జ్. శక్తిప్రవర్ధనము ఒకటికి దిగిపోయేది 720 గిగాహెర్ట్జ్. మన రేడియో పెట్టె పుట్టించుకొనే అలకు ఇది అయిదున్నర లక్షల రెట్లు. అయితే ఇటువంటి సంఖ్యలను రాబట్టే పద్ధతి ఒకటున్నది. యంత్రములు నమ్మకముగా కొలువగల తక్కువ పౌనఃపున్యముల దగ్గర ట్రాన్సిస్టరును కొలుస్తారు. పౌనఃపున్యము పెరిగేకొలది బలము ఏ వాలున తగ్గాలో సిద్ధాంతము చెబుతుంది. ఆ వాలున కాగితము మీద గీతను పొడిగించి, అది అడుగు గీతను ఎక్కడ తాకినదో చూచి సంఖ్యను వ్రాసుకొంటారు.